తాతకు ఏ సినిమా ఇష్టం?

చౌడప్పకు ఉపదేశం కావాలి.

ఇల్లు కావాలనీ పొలం కావాలనీ అడిగే మనిషి కాదాయన. ఖాసిం తాత తన నోటితో, ఈయన చెవిలో, గురువు శిష్యుడికిచ్చే ఆ నాలుగు మాటలూ చెబితే చాలు. మూడేళ్లుగా, దర్గాలో ఏటేటా జరిగే ప్రతి ఉరుసుకూ అడుగుతున్నాడు. "వచ్చే ఉరుసుకు చూద్దాంలే నాయనా" అంటాడు తాత. అంటూనే దూది ఏకుతుంటాడు.

ఖాసిం తాత సంగతి తెలియనివాళ్లు మీలో ఉంటే వాళ్లకోసం చెబుతాను. తెలిసినవాళ్లు ఇంకోసారి వినండి, పుణ్యమే. పెన్న ఒడ్డున, ఆయన గురువుగారి దర్గా పక్కన, ఓ రేకుల కొట్టం. అందులో పరుపులు కుట్టి బతికేవాడు తాత. నోట్లో దేవుడి పేరు, చేతిలో దూదేకే విల్లు, రెండూ ఆగేవి కావు. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు ఆ దూది కుప్పల మధ్యే కూర్చునేవాళ్లు. పోయేటప్పుడు జుట్టులో ఓ పింజె అంటుకుని ఉండేది. ఊళ్లో ఎవరి తలమీదైనా దూది కనిపిస్తే, తాత దగ్గరికి పోయొచ్చారని అర్థం.

ఇక చౌడప్ప. ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెలకూ ముప్పై ఒక్క ఏళ్లు పోస్టుమాన్. మంచివాడు. ఉద్యోగం నుంచి దిగిన నెలలోనే తాతను పట్టుకున్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ కొత్త చెప్పు కరిచినట్టు భక్తి ఆయన్ని కాస్త కరిచింది. ఇంట్లో రేడియోను అల్లుడికి ఇచ్చేశాడు. నాటకాలకు పోవడం మానేశాడు, పెళ్లాన్నీ మాన్పించాడు. ఆమె పేరు ఓబుళమ్మ. పొయ్యి దగ్గర దేనికో ఫక్కుమని నవ్విందనుకోండి, చౌడప్ప జపం మధ్యలో కళ్లు తెరిచి, వేలు పైకెత్తేవాడు. "ఇదంతా మాయ" అనేవాడు.

ఆ వేలు చూసీ చూసీ ఆమె నవ్వడం మానేసింది. ఇల్లు నిశ్శబ్దమైంది. ఆయన దాన్ని శాంతి అనుకున్నాడు.

ఆ దర్గాలో ఓ వాడుక ఉంది. ఉరుసుకు రెండు రోజుల ముందు, పొద్దున పూట, ఎవరైనా సరే తాతను ఏదైనా అడగొచ్చు. కష్టాల గురించి కాదు, అవి ఏడాదంతా అడిగేవే. ఆ పూట తాత గురించే అడగాలి, లేదంటే తోచిన తమాషా ఏదైనా అడగాలి. చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా, కొట్టం ముందరి కుండలో వేయాలి. ఈ వాడుక పెట్టింది తాత గురువుగారే. "ఏడాదికొక్క రోజన్నా ఫకీరును మనిషిగా చూడండ్రా" అన్నాడట ఆయన.

ఆ ఏడు కుండ చూసుకునే పని చౌడప్ప అడిగి తీసుకున్నాడు.

తెల్లారే చీటీలు విప్పాడు. ఒక్కొక్కటీ చదువుతుంటే ఆయన మొహం ఎర్రబడింది. 'తాతా, నీకు ఏ సినిమా ఇష్టం?' 'పాట రాదు గదా, కవ్వాలీలో గొంతెందుకు కలుపుతావు?' 'వెయ్యేండ్ల తర్వాత మనిషి ఎట్లుంటాడు?' 'యంత్రాలే అన్ని పనులూ చేసే కాలం వస్తే మనిషికేం పని?'

ఇంకోటి ఉంది. అక్షరాలు వంకరటింకరగా, ఒత్తి ఒత్తి రాసినవి. 'తాతా, ముందు ముందు కాలంలో మొగుడూ పెండ్లాలు ఒకరితో ఒకరు నవ్వుకుంటారా?'

"ఛీ" అన్నాడు చౌడప్ప.

అలాంటివి మొత్తం పదకొండు. అన్నిటినీ తన పాత ఖాకీ సంచిలో కుక్కేశాడు. మిగిలినవి మూడు. జ్ఞానం అంటే ఏమిటి, ముక్తి అంటే ఏమిటి, మాయ అంటే ఏమిటి. అందులో మూడోది, మీకు మాత్రమే చెబుతున్నాను, చౌడప్ప రాసి వేసుకున్నదే.

జనం కూర్చున్నారు. చౌడప్ప గొంతు సవరించుకుని మూడూ చదివాడు. తాత మూడింటికీ మూడు మాటల్లో జవాబు చెప్పాడు. ముందు వరసలో ఓ ముసలాయన కునుకు తీశాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకుని, దండం పెట్టి, లేచి పోయారు.

కొట్టంలో తాతా చౌడప్పా మిగిలారు.

"అబ్బీ, ఈసారి నా సినిమా గురించి ఒక్కరూ అడగల్యా?" అన్నాడు తాత.

చౌడప్ప నీళ్లు నమిలాడు. "అడిగినారు తాతా. నేనే తీసేసినా."

"ఎందుకూ?"

"మీ మర్యాద కోసరం. మీరెవరు, ఆ మాటలేంది? పిల్లకాయల ఆట మాదిరి ఉండాయి."

తాత విల్లు పక్కన పెట్టాడు. ఆయన విల్లు పక్కన పెట్టడం చౌడప్ప మూడేళ్లలో రెండుసార్లే చూశాడు.

"ముప్పై ఒక్క ఏండ్లు ఉత్తరాలు పంచినావు గదా. ఎన్ని ఆపినావు?"

"ఒక్కటి గూడా ఆపల్యా తాతా!" చౌడప్ప రొమ్ము విరుచుకున్నాడు. "వంకలో నడుముల్లోతు నీళ్లొచ్చినా నెత్తిన పెట్టుకోని పోయి ఇచ్చినా."

"లోపల తిట్లు రాసినవీ ఉంటాయి, ముద్దులు రాసినవీ ఉంటాయి. ఏరి పక్కన పెట్టలేదా?"

"అది నా పనేనా తాతా? నా పని అందియ్యడమే గదా..."

అనేసి చౌడప్ప తన ఖాకీ సంచి వైపు చూశాడు. తాత చెయ్యి చాచాడు. చౌడప్ప సంచి ఇచ్చాడు.

మధ్యాహ్నమంతా తాత బొటనవేలంత పెన్సిల్‌తో ఒక్కో చీటీ వెనకా ఏదో రాశాడు. రాస్తూ రాస్తూ తనలో తానే నవ్వుకున్నాడు. చివరి చీటీ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. అన్నీ మడిచి సంచిలో వేసి, చౌడప్ప భుజాన తగిలించాడు.

"రేపు పంచిరా."

"పేర్లు లేవు గదా తాతా? ఎవరివని పంచేది?"

"నువ్వు పోస్టుమానువు గదప్పా" అని, తాత మళ్లీ విల్లు అందుకున్నాడు.

నిజానికి చౌడప్పకు అదేమంత కష్టం కాదు. నాలుగు పల్లెల్లో ఎవరి రాత ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఎవరు సున్నాలు పెద్దవి చుడతారో, ఎవరు దీర్ఘాలు మింగేస్తారో తెలుసు. మరుసటి పొద్దున, పాత అలవాటు ప్రకారం చెవి మీద పెన్సిల్ పెట్టుకుని బయల్దేరాడు. మూడేళ్ల తర్వాత భుజాన సంచి పడేసరికి, నడకలో పాత వేగం దానంతటదే వచ్చేసింది.

సినిమా చీటీ టీ బంకు రమిజాబీది. ఆమె వెనక్కి తిప్పి గట్టిగా చదివింది. "పేరు గుర్తులేదమ్మా. టూరింగ్ టాకీసులో చూస్తాంటే గాలివానకు డేరా కూలిపాయ. సగమే చూసినా. మిగతా సగం నలభై ఏండ్లుగా నేనే అల్లుకుంటాండా. రోజుకో రకంగా అయిపోతాది. అదే నాకిష్టం." బంకు దగ్గర కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. చౌడప్ప వేలు అలవాటుగా సగం పైకి లేచింది. ఆ చేతిలోనే రమిజాబీ టీ గ్లాసు పెట్టింది.

కవ్వాలీ చీటీ డోలు వాయించే మౌలాలిది. "నాకంటే తామే బాగా పాడతామని పాటగాండ్లకు ధైర్యం రావాల గదా!" అని ఉంది జవాబు. మౌలాలి డోలు మీద ఒక్క దెబ్బ వేసి, "అదీ మాట!" అన్నాడు.

యంత్రాల చీటీ లారీ మెకానిక్ నరసింహులుది. "యంత్రం మొండికేసినప్పుడు దాన్ని తిట్టేదానికి ఒకడుండాల్నా, వద్దా? నీ పని యాడికీ పోదు." నరసింహులు గ్రీజు చేతులతోనే చీటీని కళ్లకద్దుకున్నాడు.

వెయ్యేళ్ల తర్వాత మనిషి సంగతి అడిగింది టైలరు బందగీ. ఆయన చదివి నవ్వలేదు. "నడుము కొలత మారుతాదేమో గానీ, దుఃఖం వస్తే మనిషి ఇంకో మనిషి భుజం వెతుక్కునేది మారదు. చొక్కాలకు భుజాల కాడ గట్టిగా కుట్టు." ఆ ఏడాదే తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు బందగీ. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "కూచో చౌడప్పన్నా, కాసేపు" అన్నాడు. చౌడప్ప కూర్చున్నాడు. బందగీ వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు, అంతే.

పది చీటీలు అలా చేరాయి. పదకొండోది మిగిలింది.

ఆ వంకరటింకర రాత చౌడప్ప ఎన్నడూ చూడలేదు. ఏ కవరు మీదా, ఏ కార్డు మీదా లేదు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలున్న ఇళ్లన్నీ తిరిగాడు. "నాది కాదు మామా" అన్నారు. "ఎవరో గానీ బాగా అడిగింది" అని కిసుక్కున నవ్వారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ఉత్తరమూ వెనక్కి తీసుకుపోని మనిషి. ఎండ తగ్గే వేళకు కాళ్లు పీకుతుంటే, ఆ ఒక్క చీటీతో ఇంటికొచ్చాడు.

ఓబుళమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మొగుడి వాలకం చూసి చెంబుతో నీళ్లిచ్చింది.

"ఒక్కటి మిగిలిపాయ మే" అన్నాడు చౌడప్ప కూలబడుతూ. "ఎవరిదో తెలీడంలే. ఇరవై ఇండ్లు తిరిగినా."

"ఏదీ, ఇట్ల తే."

చీర కొంగుకు చేతులు తుడుచుకుని చీటీ తీసుకుంది. చూసింది.

"నాదే."

చౌడప్ప నీళ్లు తాగడం ఆపాడు. "నీదా? నీకు రాయనొస్తాదా?"

"పొదుపు సంఘంలో నేర్పిస్తిరి. రెండేండ్లాయ. నువ్వు జపంలో ఉంటివి."

నాలుగు పల్లెల రాతలూ తెలిసిన మనిషి చెంబు కింద పెట్టాడు. ఓబుళమ్మ చీటీ వెనక్కి తిప్పింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"ఈ సంగతి... నాకు తెలీదమ్మా. ఉత్తరం తెచ్చినాయన్ని... అడుగు."

అరుగు మీద ఇద్దరే. వీధిలో ఎవరిదో మేక అరిచింది.

ఓబుళమ్మ అడగలేదు. చీటీ వైపూ, ఆ ఖాకీ సంచి వైపూ, దుమ్ము కొట్టుకుపోయిన మొగుడి కాళ్ల వైపూ చూసింది. "పెండ్లయి ముప్పై నాలుగేండ్లు. ఊరందరికీ ఇస్తివి. నాకు నువ్వు ఉత్తరం తేవడం ఇదే మొదలు" అంది.

చౌడప్ప ఏదో అనాలి. చాలా అనాలి. ఏం అనాలో తెలియనప్పుడు నోరు తనకు అలవాటైన మాటే అంటుంది కదా. అటూ ఇటూ వెతుక్కుని, చెవి మీదున్న పెన్సిల్ తీసి ఆమె ముందుకు చాపాడు.

"ఈడ సంతకం పెట్టమ్మా" అన్నాడు.

అనేశాక తను ఏమన్నాడో తనకే తెలిసింది.

మొదట ఓబుళమ్మ పెదవి బిగబట్టింది. అలవాటుగా ఆయన వేలు వైపు చూసింది. ఆ వేలు పైకి లేవలేదు, పెన్సిల్ పట్టుకునే ఉంది. ఇక ఆగలేకపోయింది. పగలబడి నవ్వింది. చింతగింజల చాట బోర్లాపడింది. చౌడప్ప ముందు నవ్వాడో, ముందు ఏడ్చాడో చెప్పలేను. పక్కింటివాళ్లు మాత్రం ఏమైందోనని పరిగెత్తుకుంటూ వచ్చారట.

ఉరుసు రోజు పొద్దున. దర్గా ముందు జనం నిండిపోయారు. ప్రతి ఏడూ అందరికంటే ముందొచ్చి, ముందు వరసలో, తాతకు ఎదురుగా కూర్చునే చౌడప్ప కనిపించలేదు. గంధం ఊరేగింపుకు ఎత్తే వేళకు వచ్చాడు. పక్కన ఓబుళమ్మ ఉంది. జనాన్ని తోసుకుని ముందుకు పోకుండా, ఆమెతోపాటు వెనకే, చెప్పులు విడిచేచోట కూర్చున్నాడు. ఆమె ఏదో చెబుతోంది, ఈయన తలూపుతున్నాడు.

తాత అక్కడిదాకా నడిచొచ్చాడు.

"ఏమబ్బీ, ఆలస్యమాయనే?"

"మాటల్లో పడిపోతిమి తాతా."

"అన్నీ అందినాయా?"

"అందినాయి తాతా. ఆఖరుది మాత్రం ఇంకా అందుతానే ఉండాది."

తాత ఓబుళమ్మ వైపు చూసి, మళ్లీ ఈయన వైపు తిరిగాడు.

"ప్రతి ఉరుసుకూ ఒకటి అడుగుతాంటివే. ఈసారి అడగవా?"

చౌడప్ప ఉలిక్కిపడ్డాడు. నాలుక కరుచుకున్నాడు.

"మరిచేపోయినా తాతా."

తాత వంగి, ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నాడు.

"అయితే దగ్గరికి జరుగు" అన్నాడు.