పెంటవ్వకు విడిచిన తొవ్వ

బండి బాట లేని కాలం. మా తాతల తాతకు మీసం మొలవని కాలం. పట్నంల తెల్లబట్టల దవాఖాన మాత్రం అప్పుడే పుట్టింది. ఆ కాలంల వాగు అవతల రేగులవాడ అని ఒక ఊరుండె. ఆ ఊర్ల పెంటవ్వ అని ఒక ఆడపిల్ల ఉండె.

ఏయ్, నవ్వకుండ్రి! పేరుకు నవ్వితే కత ఆపేస్త. ఆమె తల్లికి ఒకరు పుట్టి పోయిండ్రు, ఇద్దరు పుట్టి పోయిండ్రు, ముగ్గురు పుట్టి పోయిండ్రు. నాలుగో బిడ్డను తీస్కపోయి పెంటకుప్ప మీద పండవెట్టిండ్రు. ఊరి ముసలమ్మ ఒకామె ఎత్తుకొచ్చి, "ఇగో, మాకు దొరికింది. నువ్వు సాదుకో" అని తల్లి ఒళ్లె ఏసింది. ఇసొంటి బిడ్డను సావు గుర్తువట్టదని మనోళ్ల నమ్మకం. అందుకే ఆ పేరు. బిడ్డ బతికింది.

పెంటవ్వ పెరిగి, పట్నం పోయి నర్సు పని నేర్చింది. అక్కడి డాక్టరమ్మ, "ఇదేం పేరు? మార్చుకో. ఇక్కడే ఉండిపో, మంచి జీతమిస్తాం" అన్నది.

"పేరు మార్చుకుంటె మా ఊరు నన్ను గుర్తువట్టదమ్మా. నన్ను ఆ మన్ను ఎత్తుకున్నది. ఆ మన్నును ఇడువ" అన్నది పెంటవ్వ. సంచి సంకకేసుకొని ఊరికొచ్చింది.

ఇగ చుట్టు ఏడు పల్లెలు ఆమెవే. కాలినడకన తిరిగేది. ఎంతమంది బొడ్డు కోసిందో ఆమెకే లెక్క తెల్వదు. ఏ పల్లెకు పోయినా పొద్దుగూకెవరకు ఊరు చేరేది. "ఒక్క పూట ఉండరాదా అవ్వా" అంటె, "నిద్ర పట్టదు బిడ్డా, మా ఊరి గాలి తగలాలె" అనేది. జుట్టు నెరిసెదాక అట్లనే తిరిగింది.

ఒక ఎండకాలం గత్తరొచ్చింది. కక్కుడు, పారుడు. పొద్దుగాల పడ్డోడు మాపటికి పాయె. పెంటవ్వ అవతలి పల్లెలల్ల ఇంటింటికి తిరుగుతున్నది. రేగులవాడల గూడ పడ్డదని కబురందింది. ఉరికొచ్చింది.

వచ్చేసరికి ఊరు కట్టిండ్రు. ఊరు కట్టుడంటె తెల్వదా మీకు? ఊరి నడుమ బొడ్రాయి దేవతకు సాక నీళ్లు పోసి, పొలిమేర చుట్టు బూడిద గీత గీసి, డప్పు కొడుతరు. ఇగ మూడు దినాలు లోపలోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు లోపలికి రావద్దు. గీత దాటితే కట్టు తెగుతది, గత్తర ఊరంత తింటదంటరు. ఊరిపెద్ద ముత్తయ్య పటేలు గీత కాడ కట్టె పట్టుకొని నిలవడ్డడు.

మొదటి దినం పెంటవ్వ అడిగింది. "పటేలా, నన్ను రానియ్యి. లోపల మనోళ్లు పోతున్నరు."

"నువ్వు గత్తరల తిరిగొచ్చినవు బిడ్డా. మూడు దినాలు ఆగు."

రెండో దినం అడిగింది. "పటేలా, నేను రాను. ఈ మందు సంచన్న తీస్కో."

"ఏదీ దాటద్దు బిడ్డా. ఆగు."

దాటి పోవచ్చుగదా అంటరు మీరు. గీతెంత, జానెడు! కని ఆమె తన ఊరిని ఎరిగిన మనిషి. తను దాటినంక ఒక్క పిల్లగాడు పోయినా దాటినందుకే పోయిండంటరు. ఇగ ఆమె మందు ఏ తల్లీ ముట్టది. అవతలి పల్లెలోళ్లు "మా ఇంటికి రా అవ్వా" అని పిలిచిండ్రు. "నా ఊరు లోపల సస్తుంటె నేనెట్ల వస్త?" అన్నది. గీత బయటనే మోదుగచెట్టు కింద కూసున్నది.

మూడో దినం అడిగింది. "పటేలా, మనిషి వద్దు, మందు వద్దు. మాటకు పొలిమేర ఉన్నదా?"

పెంటవ్వ లేచి నిలవడి గొంతు చించుకొని మొత్తుకున్నది. "కాగబెట్టిన నీళ్లు కుండెడు! బెల్లం పిడికెడు! ఉప్పు చిటికెడు! పడ్డోళ్లకు తాపుతనే ఉండుండ్రి!"

సత్తెవ్వ అనే తల్లి ఇన్నది. ఆమె కొడుకు సాపల పడున్నడు. కుండెడు నీళ్లు, పిడికెడు బెల్లం, చిటికెడు ఉప్పు. చెంచతోని తాపింది. మిట్టపగటికి పిల్లగాడు కండ్లు తెరిచిండు. ఆ మాట ఇల్లిల్లు తిరిగింది, పొయ్యి పొయ్యి మీదికి కుండెక్కింది. ఆ దినం ఊర్లె పాడె లేవలే.

కని పెంటవ్వకు పొద్దుగాలనే గత్తర మొదలైంది. ఎవలకూ చెప్పలే. సంచిలున్న సీసల నీళ్లు అయిపోయినయ్. వాగు చెలిమెలల్ల ఉన్నదే గత్తర. అవతలి పల్లెకు నడిచే సత్తువ లేదు.

"సత్తెవ్వా, జర నీళ్లు పొయ్యే" అన్నది.

సత్తెవ్వ అదే కుండ పట్టుకొని గీత కాడికి ఉరికింది. పటేలు కట్టె అడ్డం పెట్టిండు. "పొద్దుగూకంగనే కట్టు ఇడుస్తం. ఇంకెంత, జానెడు పొద్దు. ఆగుమను."

"నీ బిడ్డ బొడ్డు కోసిన చెయ్యే పటేలా అది! తాపనియ్యి!" అని సత్తెవ్వ ఏడ్చింది.

పటేలు కండ్లల్ల నీళ్లు కారుతున్నయి, కట్టె మాత్రం దించలే. చెడ్డోడు గాదు, భయపడ్డోడు.

పెంటవ్వనే అన్నది. "వద్దు చెల్లే, దాటకు. రేపు ఎవలు పోయినా నిన్నే అంటరు. ఆగుత."

పొద్దుగూకింది. డప్పు మోగింది. సత్తెవ్వ గీత దాటి ఉరికి, తల ఒళ్లె పెట్టుకొని నోట్లె నీళ్లు పోసింది. ఆ నీళ్లు లోపలికి పోలే. చెంప మీదికెల్లి జారి మట్టిల ఇంకినయ్.

ముత్తయ్య పటేలు కట్టె ఇరగ్గొట్టి, గీత మీదనే బొంద తవ్విండు. ఆ మన్ను ఆమెను మల్ల ఎత్తుకున్నది. బతికినన్నాళ్లు పటేలు నీళ్లు తాగే ముందు ఒక గుక్కెడు నేల మీద పోసేటోడు.

ఇప్పటికీ రేగులవాడల ఇంటికొక పెంటవ్వ ఉంటది, ముందటి పిల్లలు పోయినందుకు గాదు. ఎవలన్న నీళ్లియ్యనీకి ఆలస్యం చేస్తే, "ఏందే, పెంటవ్వను ఆపినట్టు ఆపుతున్నవ్?" అని తిడుతరు.

బొడ్రాయి పండుగకు ఇప్పటికీ ఊరు కడుతరు. ఆ మోదుగచెట్టు కాడ మాత్రం బండి పట్టేంత మేర గీత గియ్యకుండ ఇడిచిపెడుతరు. అక్కడ కుండ పెడుతరు. నీళ్లు కుండెడు, బెల్లం పిడికెడు, ఉప్పు చిటికెడు. డప్పాయన బయటికి మళ్లి మూడుసార్లు పిలుస్తడు. "బయట ఎవలన్న ఉన్నరా? దూపైనోళ్లు లోపలికి రాండ్రి!"

జవాబు రాదని అందరికీ ఎరుకే. అయినా మూడోసారి పిలిచినంక జరసేపు చూస్తరు. చూసినంకనే ఊరోళ్లు ఆ నీళ్లు తాగుతరు.