లినక్స్ యజమాని

ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో ప్రతి ఆదివారం కొందరు కూడి, కంప్యూటర్లను నడిపే, ఊరికే దొరికే లినక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవారు. నేర్పేది బట్టలు కుట్టే మంగతాయారు. మూలపడ్డ కంప్యూటర్లన్నీ వాళ్ళ చేతిలో మళ్ళీ పనిచేయసాగాయి.

గ్రంథాలయానికి కొత్తగా అధ్యక్షుడైన భుజంగరావుకు ఇది నచ్చలేదు.

"ఊరికే వచ్చిన సరుకుకు పూచీ ఎవరు? దాని యజమాని వచ్చి అనుమతిస్తే సరే. లేదంటే వచ్చే ఆదివారంనుంచి ఇక్కడ కూడొద్దు" అన్నాడు.

అందరి ముఖాలూ వాడిపోయాయి. మంగతాయారు మాత్రం, "యజమాని అంటే ఎవరండీ?" అని వినయంగా అడిగింది.

"తోచినట్టు మార్చుకోగలవాడు, నచ్చినవాళ్ళకు ఇచ్చుకోగలవాడు. ఆమాత్రం తెలీదూ?"

"అయితే ఇలా కూర్చుని, తెరమీద మొదట కనిపించే మాట మార్చండి."

ఆమె చూపించిన చోట ఆయన "భుజంగరావు గారికి జై" అని కొట్టాడు. తెరమీద అదే వెలిగేసరికి మురిసిపోయాడు. ఆమె ఆ మార్చిన లినక్స్ అంతా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, "మీ పక్కనున్న గుమాస్తాకు ఇవ్వండి" అంది. ఇచ్చాడు.

"మార్చారు, ఇచ్చారు, ఎవరూ అడ్డు చెప్పలేదు. మీ లెక్కన యజమాని మీరే. అనుమతి ఇప్పించండయ్యా!"

భుజంగరావు తెల్లబోయి, ఆపైన పగలబడి నవ్వాడు.

"ఇచ్చాను. కానీ నా ఆస్తి సంగతి నాకే ఏమీ తెలీదు. ఆదివారం నన్ను ఎన్నింటికి రమ్మంటావమ్మా?"