ఆల్డర్‌మియర్ మైనపు ముద్ర

ఇంగ్లండు తూర్పు తీరాన, రెల్లు పెరిగే చిత్తడి నేలల నడుమ ఆల్డర్‌మియర్ అనే నగరం ఉంది. నగరం చిన్నదే గాని, అందులోని పునీత వెల్‌గిత కెథెడ్రల్ చాలా పెద్దది. పడమటి ముఖద్వారం నుంచి తూర్పున ఉన్న బలిపీఠం దాకా నడిచే వృద్ధులు మధ్యలో ఒకసారి కూర్చుని ఊపిరి పీల్చుకోవలసి వస్తుంది. లేత పసుపు రాతితో సిలువ ఆకారంలో కట్టిన ఈ చర్చిలో, సిలువ చేతులు కలిసే చోట రాతి గోపురం ఉండాలి. ఇక్కడ అది లేదు. దానికి బదులు కొయ్యతో కట్టిన ఎనిమిది మూలల కప్పు ఉంది. దాని కిటికీల నుంచి వెలుగు తిన్నగా నేల మీద పడుతుంది. ఆ వెలుగులో, వాయవ్య స్తంభం పక్కనే, ఒక ఊట బావి నోరు తెరుచుకుని కనిపిస్తుంది. స్తంభం మీద మనిషి ఎత్తున ఒక రాతి బొమ్మ ఉంది. కనుబొమలు ముడిచిన ఒక ఫాదరు రాతికి చెవి ఆనించి ఏదో వింటున్నట్టుగా ఉంటుంది. యాత్రికులు తాకి తాకి ఆ చెవి నున్నబడిపోయింది.

ఆ ఫాదరు పేరు థర్‌స్టన్. ఆయన పునీతుడు కాడు. ఆయనను పునీతుడని ఎవరైనా ప్రకటించి ఉంటే, ఇందులో ఎవరి లాభం ఏమిటో అని ముందుగా ఆయనే ఆరా తీసి ఉండేవాడు. ఈ కథను ఉన్నది ఉన్నట్టు నమ్మాలన్న నియమం కూడా లేదు. దేన్నయినా నమ్మే ముందు ఒకసారి తట్టి చూడడం ఆల్డర్‌మియర్ మర్యాద.

పూర్వం ఇక్కడ చర్చి లేదు, నగరమూ లేదు. ఒక పశువుల కాపరి మందలోని ఆవు రోజూ తప్పించుకుని వెళ్లి, చిత్తడి మధ్య ఒక దిబ్బ మీద నిలబడేదట. పుట్ట మీద పాలు కార్చిన ఆవుల కథలు వింటూ పెరిగిన మనకు ఇది కొత్త కాదు. కాపరి ఆ దిబ్బను తవ్వితే తియ్యటి ఊట బయటపడింది, దాని అంచున కొన్ని ఎముకలు దొరికాయి. అవి తనవేనని, తనకో గూడు కట్టమని వెల్‌గిత అనే సన్యాసిని అతని కలలో కనిపించి చెప్పిందట. కాపరి రెల్లుతో ఒక గుడిసె వేశాడు. కొన్ని తరాల తరువాత దాని స్థానంలో కొయ్య గుడి వచ్చింది. ఆ తరువాత ఒడో అనే బిషప్పు వచ్చి, సముద్రంలో వెళ్లే ఓడలకు సైతం కనిపించే రాతి గోపురం కట్టాలని తలచాడు.

మొదటి రాయి ఎక్కడ వేయాలన్న ప్రశ్న పుట్టినప్పుడు అందరిదీ ఒకటే మాట. పుణ్యాత్మురాలి ఊటను మించిన పునాది ఏముంటుంది? ఊట మీద బండ పరిచి, దాని మీదే గోపురాన్ని మోసే వాయవ్య స్తంభం లేపారు. మొదటి రాయిని పెద్ద మేస్త్రి గెర్వేస్ ముద్దు పెట్టుకుని మరీ దింపాడు. పవిత్రమైనది గట్టిగానే ఉంటుందని అందరూ అనుకున్నారు. లోకంలో అన్నింటినీ అనుమానించిన థర్‌స్టన్ కూడా ఆ ఒక్కదాన్ని అనుమానించలేదు.

థర్‌స్టన్ చేతిలో ఉన్నది చర్చి తాళాల పెత్తనం. ఆయన తన నీడను కూడా ముందు నడవనిచ్చేవాడు కాదని ఊళ్లో చెప్పుకునేవారు. ద్రాక్షారసం పీపా తెరిస్తే ముందు వాసన చూసేవాడు, తరువాత తెరిచినవాడి నోరు వాసన చూసేవాడు. ఆయన ఎదురైతే ఏ తప్పూ చేయనివాడు కూడా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. అలాగని చెడ్డవాడు కాదు. దేవుడి సొత్తుకు తాను కావలి, కావలివాడు కన్ను మూయకూడదు, అంతే ఆయన లెక్క.

గెర్వేస్ జుట్టు నెరిసేనాటికి గోపురం పూర్తయింది. గంటలు పైకెక్కాయి. ఆ చలికాలం వాయవ్య స్తంభం మీద వెంట్రుకంత బీట కనిపించింది. గెర్వేస్ ఆ బీటకు అడ్డంగా తడి సున్నంతో ఒక పట్టీ వేశాడు. గోడ కదలకపోతే పట్టీ నిలుస్తుంది, కదిలితే పగులుతుంది. మేస్త్రీల పద్ధతి అది. పట్టీ పగిలింది. మళ్లీ వేస్తే మళ్లీ పగిలింది. గోపురం దించేయాలని, వెల్‌గిత పండుగ పూజ దాని కింద జరపవద్దని గెర్వేస్ బిషప్పుతో మొరపెట్టుకున్నాడు.

థర్‌స్టన్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. గుడి పూర్తయితే మేస్త్రికి పని పోతుంది. పని పోయే వేళకే బీట రావడమేమిటి? పట్టీ వేసేదీ గెర్వేసే, పగిలిందని చెప్పేదీ గెర్వేసే. థర్‌స్టన్ ఆ సున్నం గీకించేసి, బీట మీద మైనం పోసి, దాని మీద తన ఉంగరంతో ముద్ర వేశాడు. ఆ ఉంగరం ఆయన వేలు దాటి ఎక్కడికీ పోదు. ముద్రను పగలగొట్టి తిరిగి వేయడం ఎవరి తరమూ కాదు. తెల్లవారి చూస్తే ముద్ర రెండు ముక్కలై ఉంది.

ఆయన దొంగను పట్టేశాననుకున్నాడు. దేవుడి ఇంటికి చేటు తలపెట్టాడని గెర్వేస్‌ను బిషప్పు కోట వాకిలి గదిలో పెట్టించాడు. పండుగ ముగిశాక అతన్ని నగరం నుంచి వెళ్లగొట్టాలని, ప్రతి రాతి మీదా అతను చెక్కుకున్న మేస్త్రి గుర్తును చెరిపేయాలని బిషప్పు తీర్పు చెప్పాడు. ఒక మేస్త్రికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. బతికినంత కాలం చేసిన పని తనది కాదన్నట్టే.

గెర్వేస్ గదిలో ఉండగానే, కొత్తగా వేసిన ముద్ర కూడా పగిలింది.

థర్‌స్టన్‌కు తిండి సయించలేదు. తాళాలన్నీ తన మొలకే వేలాడుతున్నాయి. అయితే ఎవరు? దీపాలు పెట్టేవాళ్లను అనుమానించాడు. పాటగాళ్లను అనుమానించాడు. మేస్త్రి భార్య హావిస్ వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే, ఆ ఏడుపు మరీ సమయానికి వచ్చిందనుకున్నాడు. చివరికి కంచే చేను మేస్తోందేమోనని బిషప్పు మీదే కన్నేశాడు. ఆ వారమే బిషప్పు తనకు కలలో వెల్‌గిత కనిపించి, నా స్తంభం కదలదు, నా పండుగ ఆగదు అని చెప్పిందని ప్రకటించాడు. ఆ ముందురోజు విందులో బిషప్పు తిన్న ఈల్ చేపల కూర థర్‌స్టన్‌కు గుర్తుంది. అందుకని కల మీద కూడా ఆయనకు గురి కుదరలేదు.

పండుగ ముందటి సాయంత్రం అందరినీ బయటికి పంపి, కొత్త ముద్ర వేసి, ద్వారాలన్నింటికీ తానే తాళాలు బిగించాడు. తాను లోపలికి వెళ్లి ముద్రను కళ్లారా చూసేదాకా ఈగను కూడా రానివ్వనన్నాడు. దొంగ రేపు జనంలో కలిసి వస్తాడు, వచ్చి ముద్ర వైపు దొంగచూపులు చూస్తాడు, అప్పుడు పట్టుకోవాలని ఆయన పన్నాగం.

పొద్దున్నే జనం దక్షిణ ద్వారం ముందు కిక్కిరిశారు. పసిపిల్లల తల్లులు, కర్రల మీద నడిచేవాళ్లు, వెల్‌గిత ఎముకల పెట్టెతో ఊరేగింపు, వెనక బిషప్పు. థర్‌స్టన్ ఒక్కడే లోపలికి వెళ్లి గడియ వేసుకున్నాడు. ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. తన కాపలా ఫలించిందని ఆయన ఛాతీ ఉప్పొంగింది. అంతలో, ఆయన చూస్తూ ఉండగానే, దగ్గరలో మనిషన్నవాడు లేకుండానే, మైనం అడుగు అంచున విచ్చుకుంది. ఆ చీలిక మెల్లగా పైకి పాకి ఉంగరపు గుర్తును రెండు చేసింది.

థర్‌స్టన్ స్తంభానికి చెవి ఆనించాడు. లోపల ఎక్కడో ఇసుక జారుతున్నట్టు సన్నటి చప్పుడు. తల మీద సున్నపు పొడి రాలింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయనకు అనుమానించడానికి మనిషి దొరకలేదు. ఆయనకు భయం వేసింది, అంతకు మించి సిగ్గు వేసింది.

బయటికి పరుగెత్తి తలుపు మూసి తాళం వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. జనాన్ని గోడలకు దూరంగా పొమ్మని అరిచాడు. బిషప్పుకు మండిపోయింది. పండుగ ఘడియ దాటిపోతోందని, తలుపు తియ్యమని గద్దించాడు.

"స్తంభం కదలదని ఆ పుణ్యాత్మురాలే నాతో చెప్పింది. ఆమె మాట మీద కూడా నీకు అనుమానమేనా?"

"ఆమె మాట మీద కాదు, ఏలినవారి కల మీద" అన్నాడు థర్‌స్టన్.

భటులు వచ్చి ఆయనను తలుపు దగ్గరి నుంచి దూరంగా ఈడ్చి, నేల మీద అదిమిపట్టి, పిడికిట్లోని తాళంచెవి కోసం ఒక్కొక్క వేలూ విప్పసాగారు. చిటికెన వేలు విరిగినా ఆయన పిడికిలి వదలలేదు. అప్పుడే లోపల గంటలు వాటంతట అవే మోగాయి. ఆ వెంటనే గోపురం కూలింది. తలుపు సందుల్లోంచి దుమ్ము తెల్లగా ఎగజిమ్మి జనాన్ని కప్పేసింది. దుమ్ము అణిగాక తల్లులు పిల్లలను తడిమి చూసుకున్నారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

జనం ఆయన కాళ్ల మీద పడ్డారు. వెల్‌గిత ఆయన చెవిలో చెప్పిందన్నారు. ఆయన వాళ్లను విడిపించుకుని తిన్నగా కోట వాకిలి గదికి వెళ్లి, తాళాల గుత్తిని గెర్వేస్ ముందు పెట్టాడు.

"నిన్ను అనుమానించాను. తలుపు నువ్వు తియ్యి."

గెర్వేస్ క్షమించాననలేదు. ఆయన విరిగిన వేలి వంక చూసి, "ముద్ర పైన పగిలిందా, కింద పగిలిందా, అయ్యగారూ?" అని అడిగాడు.

"కింద."

"అయితే నీళ్లు" అని గెర్వేస్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఆ ఊట మీద మొదటి రాయి పెట్టింది నేనే."

ఇద్దరూ కలిసి శిథిలాల మధ్య నుంచి బండ తొలగించారు. ఎవరూ మూయలేని ఊట మూత కింద చేరి పునాదిని తొలుస్తూ వచ్చింది. ఈసారి ఊటకు నోరు తెరిచి ఉంచి, దానికి పక్కగా స్తంభం లేపారు. మీద బరువు వద్దని కొయ్య కప్పు వేశారు. గెర్వేస్ గుర్తు ఏ రాతి మీదా చెరగలేదు. చివరగా అతను చెవి ఒగ్గిన ఫాదరు బొమ్మ చెక్కాడు. అది గౌరవమో ఎగతాళియో థర్‌స్టన్ పోయేదాకా తేల్చుకోలేకపోయాడంటారు.

నేటికీ అనుమానంతో చెడిన దంపతులు, విడిపోయిన అన్నదమ్ములు ఇక్కడికి వస్తారు. ముందు రాతి చెవిని తాకి, తరువాత ఊట నీరు తాగితే, ఉన్న తప్పు ఉన్నచోటే కనబడుతుందని, లేని తప్పు మనిషి మీద నుంచి తొలగిపోతుందని నమ్మకం. వెల్‌గిత పండుగ ఉదయం ద్వారాలన్నీ మూసే ఉంటాయి. వాన కురుస్తున్నా, మంచు పడుతున్నా బిషప్పు సహా అందరూ బయటే నిలబడాలి. తాళాల ఫాదరు ఒక్కరే లోపలికి వెళ్లి ముందురోజు వేసిన మైనపు ముద్రను చూసి వస్తారు. ఊళ్లోని మేస్త్రీలందరిలో పెద్దవాడు గుమ్మం ముందు నిలబడి ఉంటాడు. ఫాదరు అతని ముందు తల వంచి, తాళంచెవి అందించి, "నిన్ను అనుమానించాను. తలుపు నువ్వు తియ్యి" అంటారు.

మేస్త్రి తాళంచెవి అందుకుని అడుగుతాడు. "పైన పగిలిందా, కింద పగిలిందా?"

"పగలలేదు."

ఆ మాట విన్నాకే తలుపు తెరుచుకుంటుంది.