దివాన్‌గారి కొత్త గచ్చు

పూర్వం ఒక సంస్థానంలో దివాన్ జగ్గరాయణింగారికి తనకు రాని పనే లేదని మహా ధీమా. చావడిలో కొత్త గచ్చు వేయాల్సొచ్చి, మేస్త్రి పైడయ్యను పిలిపించారు. "పని నేనే చేసుకుంటాను. నీ తాపీ అద్దెకిచ్చి పో" అన్నారు.

"చిత్తం. ఒక్క మాటండీ, గచ్చు మొదలెట్టేది..."

"తాపీ అడిగాను గానీ సలహా అడిగానా?"

పైడయ్య తాపీ ఇచ్చి వెళ్లిపోయాడు. సాయంత్రం తాపీ కోసం వస్తే, గుమ్మం దగ్గర మొదలెట్టిన దివాన్‌గారు అవతలి మూలలో గోడకు బల్లిలా అతుక్కుని ఉన్నారు. మధ్యనంతా పచ్చి గచ్చు.

"రాజుగారు చూడ్డానికి వచ్చేస్తున్నారు! గచ్చు చెడకుండా బయటపడే దారి చెప్పరా!"

"అయ్యో, సలహాలు వద్దన్నారు కదండీ!"

అంతలో రాజుగారు గుమ్మంలోకొచ్చి నేలకేసి చూసి మురిసిపోయారు. "గచ్చు భేష్! దివాన్‌గారేరీ?"

పైడయ్య వంగి దణ్ణం పెట్టాడు. "ఆ మూలన గచ్చుతో పాటే ఆరుతున్నారు ప్రభూ!"