పాలు పొంగని అద్దాల మేడ

కనుచూపు మేరా ఇసుకే. ఆ ఎడారి మొత్తానికీ నీడంటే ఒక్క జమ్మి చెట్టు. దాని కింద ఉండే కుందేలు చెంగమ్మ నిండు చూలాలు. ఎండలు ముదిరేలోగా పుట్టబోయే పిల్లలకో ఇల్లు అమర్చుకోవాలని దాని ఆరాటం.

సంగతి తెలిసి నక్క మేస్త్రి వాలిపోయాడు.

"ఇంకా ఆ బొరియలేంటమ్మా, మీ అమ్మమ్మల కాలంలోలా! పట్నంలో ఇప్పుడు అంతా అద్దాల మేడలే. పడమటి గోడంతా అద్దం పెడదాం. కూర్చున్న చోటి నుంచే పొద్దు గుంకడం చూసుకోవచ్చు."

చెంగమ్మ మురిసిపోయింది. ఎడారి అవతలి పాడుబడ్డ బంగళా నుంచి అద్దాలు మోసుకొచ్చిన ఒంటె పెద్దయ్య మాత్రం గొణిగాడు.

"నాకెందుకో నచ్చలేదే అమ్మాయ్. వెలుతురొక్కటే వస్తుందా, వెంట ఎండా వస్తుంది."

"ఊరుకో పెద్దయ్యా, నీకు ఫ్యాషన్లు తెలీవు!"

ఇల్లు లేచింది. చెంగమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"మేస్త్రీ, వెనక గుమ్మం ఏదీ? రెండో దారి లేని ఇంట్లో మా వాళ్లెవరూ ఉండరే!"

"ఒక్క గుమ్మమైతేనే అందం తల్లీ!"

అద్దం మీద కాలు ఆనిస్తే చుర్రుమంది. ఇటు తిరిగేసరికి, గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, మేస్త్రి తనకోసం తవ్వుకున్న కొత్త బొరియ కనబడింది. ఉత్తరం వైపు చిన్న నోరు, లోపల లోతుగా ఒక మలుపు. తల దూర్చి చూస్తే ఎంత చల్లగా ఉందో! ఉక్కకు తాళలేక బయటికి ఉరికే పిల్లలు ఎవరి నోట్లో పడతారో చెంగమ్మకు అర్థమైపోయింది.

మర్నాడు ఏమీ ఎరగనట్టు నవ్వుతూ వచ్చింది.

"మేస్త్రీ, ఇవాళ పొద్దు పడమటికి వాలగానే గృహప్రవేశం. కట్టినవాడే లోపల కూర్చుని పాలు పొంగించాలి, పొంగేదాకా తలుపు తియ్యకూడదు. అది మా ఆచారం."

పాలనగానే నక్కకు నోరూరింది. "దానికేం భాగ్యం!" అంటూ కుండతో లోపలికెళ్లాడు. చెంగమ్మ సైగ చెయ్యగానే పెద్దయ్య తలుపుకు వీపు ఆనించి చతికిలబడ్డాడు.

కాసేపటికే లోపలినుంచి కేకలు.

"పెద్దయ్యా, కాస్త జరుగు!"

"పొంగాయా?"

"పొయ్యి వెలిగించకుండానే విరిగాయి! ఉడికి చస్తున్నా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"ఒక్క పూటకే ఇలా అంటే, నా పిల్లలు వేసవంతా ఎలా ఉంటారనుకున్నావు?" అంది చెంగమ్మ, అప్పుడే అక్కడికొచ్చి కాళ్లకంటిన ఇసుక దులుపుకుంటూ.

"ఉండలేరనే కట్టానమ్మా! బయటికొస్తారనే!"

పెద్దయ్య లేచాడు. మేస్త్రి నాలుక వేలాడేసుకుని తన బొరియ వైపు పరిగెత్తాడు. బొరియ నోటికి అడ్డంగా ముళ్లకంప ఉంది. పెద్దయ్య తాపీగా వచ్చి దాని ముందే పడుకున్నాడు.

అప్పటికే వెనకనుంచి దూరిన చెంగమ్మ లోపలినుంచి పలికింది.

"నీ ఇల్లు నాకు బాగా నచ్చింది మేస్త్రీ. ఇందాక నువ్వు పాల దగ్గర ఉన్నప్పుడు నా ఒంటికి మాత్రమే పట్టేంత వెనక గుమ్మం నేనే తవ్వుకున్నాను. ఆ అద్దాల మేడ నువ్వే ఉంచుకో. పొద్దు గుంకడం చూసుకోవచ్చు."

ఇల్లు కట్టేవాడి మాటలు వినేముందు, వాడు ఏ ఇంట్లో పడుకుంటున్నాడో చూసి రావాలి.