కాకిబంగారం కొండకు చుట్టుదారి

అనగనగా మూడు వాగులకు అవతల ఒక పెద్ద అడవి. ఆ అడవిలో జడలమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దానికి ఇద్దరు పిల్లలు. కొడుకు చింపిరి, కూతురు బొద్ది.

ఆ అడవిలో దేనికీ లోటు లేదు. కావలసినన్ని చెదపుట్టలు, నేరేడు పళ్లు, పడుకోవడానికి చల్లని పొదలు. అయినా జడలమ్మ మనసు అక్కడ నిలిచేది కాదు. పొద్దు వాలగానే ఒక బండ ఎక్కి, తూర్పు వైపు చూస్తూ కూర్చునేది.

"ఏం చూస్తున్నావమ్మా?" అని బొద్ది అడిగేది.

"మా అమ్మ ఇంటిని," అనేది జడలమ్మ.

తూర్పున చాలా దూరంలో కాకిబంగారం కొండ ఉంది. దాని రాళ్లలో పలచని పొరలు అద్దపు ముక్కల్లా మెరుస్తాయి. వాటినే కాకిబంగారం అంటారు. జడలమ్మ ఆ కొండ మీదే పుట్టింది. కొండ నడుమ ఒక గుహ, గుహ ముందు ఇప్పచెట్టు, చెట్టు కింద నీటి ఊట. ఎండాకాలం తెల్లవారేసరికి ఇప్పపూలు రాలి నేలంతా పరుచుకుని ఉండేవి. అమ్మ వీపు మీంచి జారి దిగి ఆ పూలు ఏరుకుని తినడం, జడలమ్మకు గుర్తున్న మొట్టమొదటి సంగతి అదే.

తర్వాత మనుషులు వచ్చారు. కాకిబంగారం కోసం గని తవ్వారు. రోజూ మందుగుండు పేలేది. గుహలో రాళ్లు ఊడి పడేవి. ఒకరోజు అమ్మ జడలమ్మను వీపున ఎక్కించుకుని కొండ దిగేసింది.

"మళ్లీ ఎప్పుడు వస్తామమ్మా?" అని జడలమ్మ అడిగింది.

"మోత ఆగాక," అంది అమ్మ.

మోత ఆగలేదు. అమ్మ ముసలిదైపోయి, ఈ అడవిలోనే కన్నుమూసింది.

చాన్నాళ్లకు ఒక కొంగ అటు నుంచి వచ్చి వాగులో వాలింది. "ఆ గని మూసేశారు. మనుషులు వెళ్లిపోయి ఏళ్లు గడిచాయి," అని చెప్పింది.

జడలమ్మ ఆ మర్నాడే పిల్లలిద్దరినీ వీపున ఎక్కించుకుని బయలుదేరింది.

రెండు రోజులు నడిచి కొండ అడుగుకు చేరారు. అక్కడ ఒక కాలిబాట ఉంది. బాగా నలిగిన బాట. కొండను చుట్టుకుంటూ మెల్లగా పైకి పోతోంది. దాని మీద కుటుంబాలకు కుటుంబాలే నడుస్తున్నాయి. ఒక నెమలి పిల్లలను వెంటేసుకుని ఎక్కుతోంది. ఒక అడవిపంది ఏడుగురు పిల్లలతో దిగుతోంది.

"పై నీళ్ల దగ్గరికా వదినా?" అని అడవిపంది పలకరించింది. "ఈ బాట వదలకండి. మధ్యాహ్నం దాటేసరికి చేరతారు."

"మధ్యాహ్నం దాటాలా?" అంది జడలమ్మ. "మా అమ్మ తిన్నగా ఎక్కేది. ఎండ ముదరకముందే ఇంట్లో ఉండేవాళ్లం."

"అప్పటి సంగతి నాకు తెలీదు వదినా. ఇది ఓబులు తాత వేసిన బాట. నా పిల్లలందరూ దీని మీదే నడక నేర్చుకున్నారు."

కొంచెం ముందుకు వెళితే ఆ ఓబులు తాతే ఎదురయ్యాడు. ముసలి గాడిద. ఒక చెవి చివర చిరిగి ఉంది. బరువులు ఒరుసుకుని వీపు మీద రెండు చోట్ల వెంట్రుకలు లేవు.

"తిన్నగా పోకు తల్లీ," అన్నాడు ఓబులు, జడలమ్మ కొండ వాలు వైపు చూడటం గమనించి. "పైన గడ్డి మొలిచింది గానీ, కింద నేలంతా డొల్ల. పన్నెండేళ్లు నేను దాని లోపల తిరిగాను."

జడలమ్మ ఆగిపోయింది. "అయితే నువ్వు గనిలో పనిచేసినవాడివా?"

"అవునమ్మా. రాళ్లు మోశాను. సాయిలు అని ఒక కూలీ నన్ను చూసుకునేవాడు. తన రొట్టెలో సగం నాకు పెట్టేవాడు. గని మూసిన రోజు అందరూ లారీ ఎక్కారు. అందులో నాకు చోటు లేదు. వస్తాడేమోనని అప్పటి నుంచీ కొండ చుట్టూ తిరుగుతున్నాను. తిరగ్గా తిరగ్గా ఈ బాట పడింది."

జడలమ్మ గుర్రుమంది. "మీరు తవ్వబట్టే మా ఇల్లు పోయింది. మా అమ్మ ఆ బెంగతోనే పోయింది. ఇప్పుడు మా ఇంటికి నువ్వు నాకు దారి చెబుతావా?"

ఓబులు తల దించుకున్నాడు. "చెప్పే ముఖం లేదు తల్లీ. కానీ నీ వీపు మీద పిల్లలున్నారు."

జడలమ్మ వినలేదు. బాట దిగి, తిన్నగా కొండ ఎక్కసాగింది.

కాసేపటికి ఒక పెద్ద బండ కనబడింది. చిన్నప్పుడు వీపు గోక్కున్న బండ. జడలమ్మ దాన్ని ముక్కుతో తాకింది. "వచ్చేశాం. ఇక కొంచెమే," అంది. పిల్లలు వీపు మీంచి దూకి గడ్డిలో పరుగెత్తారు. చింపిరి ముందు, బొద్ది వెనక.

ఉన్నట్టుండి చింపిరి కనబడలేదు.

నేల మీద చిన్న గుంత. అందులోంచి దుమ్ము లేస్తోంది. చాలా లోతు నుంచి ఏడుపు వినబడింది. "అమ్మా, ఇక్కడంతా చీకటి."

జడలమ్మ పిచ్చిదానిలా గోళ్లతో తవ్వింది. అంచు విరిగి మట్టి పెళ్లలు లోపలికి పడ్డాయి. ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"తవ్వకమ్మా. ఆ మట్టంతా వాడి మీదే పడుతుంది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఓబులు. అంతసేపూ దూరంగా వెంట వస్తూనే ఉన్నాడు. "కింద గని నోరుంది. అక్కడి నుంచి లోపలికి దారి నాకు తెలుసు. నేను వెళ్లి తెస్తాను."

"నేనూ వస్తాను."

"వద్దు. ఆ చీకట్లో నీకు అడుగు పడదు. నువ్వు ఈ బండ మీద కూర్చుని వాడితో మాట్లాడుతూ ఉండు. నీ గొంతు వినబడితే వాడు కదలకుండా ఉంటాడు."

జడలమ్మ బొద్దిని ఒళ్లో అదిమి పట్టుకుంది. గుంతలోకి వినబడేలా మాట్లాడింది. ఇప్పపూల గురించి చెప్పింది. ఊట నీళ్లు ఎంత చల్లగా ఉండేవో చెప్పింది. చెప్పిందే చెప్పింది. చివరికి చెప్పడానికి ఏమీ మిగలక, "నాదే తప్పు నాన్నా, నాదే తప్పు," అంటూ ఉండిపోయింది.

చాలాసేపటికి నేల అడుగు నుంచి గిట్టల చప్పుడు వచ్చింది. "దొరికాడమ్మా," అని ఓబులు గొంతు. "ఒరే మనవడా, నా తోక నోట కరుచుకో. వదలకు."

జడలమ్మ బొద్దితో కిందికి దిగి, గని నోటి దగ్గర కొడుకును గుండెకు హత్తుకుంది. వాడికి మోకాలు చెక్కుకుపోయింది, అంతే. ఒళ్లంతా కాకిబంగారం పొడి అంటుకుని మెరుస్తున్నాడు.

"ఆలస్యమైంది తల్లీ," అన్నాడు ఓబులు. "సాయిలు రోజూ నన్ను ఆపి బీడీ వెలిగించుకునే మలుపు ఒకటుంది. లోపల పిల్లాడున్నాడని తెలిసీ, అక్కడికి రాగానే నా కాళ్లు ఆగిపోయాయి. వాటికి ఇంకా గుర్తే."

జడలమ్మకు కోపం రాలేదు. "మమ్మల్ని నీ బాటన తీసుకెళ్లు తాతా," అంది.

ఓబులు ముందు, వాళ్లు వెనక నడిచారు. ఎక్కడ నేల గట్టిదో, ఎక్కడ కాదో ఓబులు చెబుతూ పోయాడు. పొద్దు వాలేవేళకు పైకి చేరారు.

అక్కడ గుహ లేదు. చెట్టు లేదు. కొండను సగానికి కోసేసినట్టుంది. కోసిన చోట పెద్ద గొయ్యి, దాని నిండా నీలంగా వాన నీళ్లు.

"ఊట ఏది?" అంది జడలమ్మ.

"ఈ నీళ్ల అడుగున," అన్నాడు ఓబులు.

"మీ ఇల్లు ఏదమ్మా?" అని బొద్ది అడిగింది.

జడలమ్మ ముందు కాలు ఎత్తి, నీళ్లకు పైన ఖాళీ గాలిలోకి చూపించింది. "అక్కడ," అంది. ఒకప్పుడు కొండ అంత ఎత్తుండేది. పిల్లలిద్దరూ కాసేపు ఆ గాలిలోకి బుద్ధిగా చూశారు. తర్వాత ఈత కొట్టడానికి నీళ్లలో దిగారు.

జడలమ్మ ఒడ్డున కూలబడింది. ఓబులు పక్కనే నిలబడ్డాడు.

"సాయిలు ఎలా ఉండేవాడు తాతా?" అని జడలమ్మ అడిగింది.

ఓబులు చెప్పాడు. చెప్పి, "మీ అమ్మ ఎలా ఉండేదమ్మా?" అని అడిగాడు. జడలమ్మ చెప్పింది. ఎన్నేళ్లుగానో వాళ్లను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం జడలమ్మ పిల్లలతో ఆ బాటన వచ్చేది. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి అడవికి వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు బొద్ది కూడా అప్పుడప్పుడు కొండ వైపు చూస్తూ కూర్చుంటుందట. దానికి గుహ తెలియదు, ఊట తెలియదు. దాని బెంగంతా ఆ నీలం నీళ్ల మీద, ఒడ్డున నిలబడే ముసలి గాడిద మీద.

నీతి: పోగొట్టుకున్న చోటు కోసం బెంగపడటం తప్పు కాదు, కానీ అక్కడికి వెళ్లేటప్పుడు మన పాత జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా, ఇప్పుడు ఆ నేల మీద నడుస్తున్నవాళ్లను దారి అడగాలి.