బొంతకి కుట్టుకుపోయిన సూరీడమ్మ

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక సూరీడమ్మ. ఆవిడ నోరంటే వీధంతా హడల్. కాళ్ళు లోపలికి పెట్టుకుని విను, కదిలావంటే కథ ఆపేస్తాను.

సూరీడమ్మకి నూకాలని ఒక స్నేహితురాలు. నూకాలు బొంతలు కుట్టేది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, వాటి మీదే కూర్చుని, చిన్న చిన్న కుట్లు వేసేది. సూరీడమ్మ పక్కన చేరి కబుర్లు చెప్పేది. సూది మాత్రం ఏనాడూ ముట్టుకోలేదు.

ఒకనాడు నూకాలు జ్వరం వచ్చి చనిపోయింది. సూరీడమ్మకి ఒళ్ళు మండిపోయింది. చెప్పాపెట్టకుండా ఇలా పోవడమేమిటని! కంట చుక్క రాలేదు. నూకాలు కోడలు అత్తగారి చీరల్ని మసిగుడ్డలకి చింపబోతుంటే, గబుక్కున లాక్కుని ఇంటికి తెచ్చేసుకుంది. వాటితో బొంత కుట్టి, కప్పుకుని పడుకోవాలి. అన్నీ నూకాలు చీరలే ఉండాలి, ఇంకో గుడ్డముక్క కలవకూడదు. అదీ ఆవిడ పంతం.

ఆ తర్వాత చీరలు పరిచి కూర్చుంది. దారం ఎక్కించేసరికే పొద్దెక్కింది. "ఒసే నూకాలూ, ఈ సూది బెజ్జం నీకెలా కనబడేదే?" అని కసిరింది. ఎలాగో ఒక వరస కుట్టింది. ఇంతలో పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి లేచింది. లేస్తే బొంత కూడా లేచింది! తన చీర కుచ్చిళ్ళు కూడా కలిపి కుట్టేసుకుంది మరి. అక్కడ అన్నం మాడింది. విసుక్కుంటూ కుట్లన్నీ విప్పింది.

నవ్వకు, ఉన్న నిద్ర కాస్తా ఎగిరిపోతుంది.

అప్పుడు కుచ్చిళ్ళు ఎగదోపుకుని మళ్ళీ కూర్చుంది. ఈసారి పాలవాడు పిలిచాడు. లేస్తే పైట చెంగు పట్టేసింది. బొంతని ఈడ్చుకుంటూనే వీధిలోకి వెళ్ళింది. పాలవాడు కండువా నోట్లో కుక్కుకున్నాడు. "నవ్వావంటే రేపట్నించి పాలు మానేస్తాను!" అని అరిచింది. లోపలికొచ్చి మళ్ళీ విప్పింది. "నువ్వు పోయి నా ప్రాణం తీస్తున్నావు కదే!" అని నూకాల్ని తిట్టింది.

మూడోసారి పైట కూడా బిగించి దోపుకుంది. ఎవరు పిలిచినా పలక్కుండా కుట్టింది. ఆఖరి వరస అయింది. పళ్ళతో దారం తెంపి, హమ్మయ్య అని లేవబోయింది. మోకాలి దగ్గర చీర పట్టేసింది!

ఆవిడ కూతురు పరుగున వచ్చి, "ఉండమ్మా, నేను నిదానంగా విప్పుతాను" అంది.

సూరీడమ్మ మోకాలి వైపు చూసుకుంది. నూకాలు చీర, తన చీర ఒకే కుట్టులో ఉన్నాయి. వాటినే చూస్తూ, "నేను లేచినప్పుడల్లా ఎందుకే నూకాలూ, అలా పట్టుకుంటావు?" అంది. అప్పుడు భోరుమని ఏడ్చింది. నూకాలు పోయాక ఏడవడం అదే మొదలు.

ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, "కత్తెర తే. విప్పొద్దు, నా చీరే కత్తిరించు" అంది.

"కొత్త చీరమ్మా!"

"నోరు మూసుకుని కత్తిరించవే!"

కూతురు కత్తిరించింది. నూకాలు చీరల్లో సూరీడమ్మ చీరముక్క ఉండిపోయింది. ఆ రాత్రి బొంత కప్పుకుని, "కాస్త అటు జరగవే" అని గొణిగి, సూరీడమ్మ హాయిగా నిద్రపోయింది.

కథేమో పట్టింది కంచి దారి,
నువ్వేమో పడుకో దుప్పట్లో దూరి!